అదబు అంటే మౌనం కాదు

(ఉరవకొండలో ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

విద్యార్థి దశలో మాటతీరును, నలుగురి ముందు ప్రసంగించే శక్తిని ఎలా పెంపొందించుకోవాలి అన్నది ఈనాడు మాకు అప్పగించిన విషయం. నిజానికి మేము వక్తలము కాము. ముప్పై ఏళ్ళకు పైబడి ప్రభుత్వ గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందిన వారము. మాట్లాడిన అనుభవం కంటే, కార్యాలయపు బల్ల వెనుక కూర్చుని ఇతరులు మాట్లాడగా విన్న అనుభవమే మాకు ఎక్కువ. కనుక ఈ విషయాన్ని వేదిక నుండి కాక ఆ బల్ల నుండే ప్రారంభిస్తాము.

మా ఉద్యోగకాలంలో ఒక మధ్యాహ్నం ఒక డిగ్రీ విద్యార్థిని తండ్రితో కలిసి మా బల్ల దగ్గరకు వచ్చింది. ఆమె ఉపకార వేతనం దరఖాస్తు ఆగిపోయింది. కారణం చిన్నది. పదవ తరగతి ధ్రువపత్రంలో పేరు ఒక విధంగా, ఆధార్ కార్డులో మరొక విధంగా ఉంది. 'షేక్' ఒకచోట పేరుకు ముందు, మరొకచోట వెనుక ఉంది. 'బేగం' ఒకదానిలో ఉంది, రెండవదానిలో లేదు. మన ఇళ్ళలో ఇది ఎంత సాధారణమో మీకు తెలియనిది కాదు.

"పేరేమమ్మా?" అని అడిగాము. తండ్రి చెప్పాడు. "ఏం చదువుతున్నావు?" అని అడిగాము. దానికీ తండ్రే జవాబిచ్చాడు. అది కూడా తప్పు చెప్పాడు. బి.కాం. చదివే పిల్లను బి.ఏ. అన్నాడు. ఆ అమ్మాయి ఒక్కసారి తండ్రి ముఖం చూసి తల దించుకుంది. మేము "పేర్లు కలవడం లేదు, సరిచేసుకుని రండి" అని ఒక్క మాటతో పంపివేశాము. ఎక్కడ సరిచేసుకోవాలో, ఏ పత్రం తేవాలో, గడువు ఏనాటి వరకు ఉందో మేము చెప్పలేదు. వారు అడగలేదు. తండ్రి వినయంగా సలాం చేసి వెళ్ళిపోయాడు. గడువు దాటిపోయింది. మరుసటి ఏడు విచారిస్తే ఆ అమ్మాయి చదువు మానేసిందని తెలిసింది.

ఇందులో మొదటి తప్పు మాది. అడగకపోయినా చెప్పవలసిన బాధ్యత మాపై ఉంది. ఆ బాధ్యత నుండి తప్పించుకోవడానికి మేము ఈ సంగతి చెప్పడం లేదు. ఇన్నేళ్ళయినా మరచిపోలేదు గనుక చెబుతున్నాము. అయితే, అదే వారంలో సరిగ్గా అదే సమస్యతో వచ్చిన మరొక కుర్రవాని సంగతి కూడా చెప్పాలి. అతని చేతిలో ఒక చిన్న కాగితం ఉంది. చేయి వణుకుతోంది. ఆ కాగితం చూసి నాలుగు మాటలు చెప్పాడు. తన పేరు, కళాశాల, తరగతి చెప్పాడు. దరఖాస్తు సంఖ్య, అది ఆగిన కారణం చెప్పాడు. తాను తెచ్చిన పత్రాలు చూపాడు. "ఇంకా ఏ పత్రం కావాలి, ఎవరి దగ్గర తీసుకోవాలి, ఏ తేదీలోగా ఇవ్వాలి?" అని అడిగాడు. మేము చెప్పిన జవాబును అదే కాగితం వెనుక రాసుకున్నాడు. మూడవ రోజుకు అతని పని పూర్తయింది.

ఆ కుర్రవాడు ధైర్యవంతుడు కాడు. మహా తెలివైనవాడనీ చెప్పలేము. ఇంటి దగ్గర వాళ్ళ అక్క ఆ నాలుగు మాటలు రాయించి, రెండుసార్లు చదివించి పంపిందట. ఆ అమ్మాయికీ ఈ కుర్రవానికీ మధ్య ఉన్న తేడా అంతే. ఈ రోజు మేము చెప్పదలచిన అసలు మాట కూడా అంతే. మాట్లాడడం పుట్టుకతో వచ్చే వరం కాదు. సాధనతో వచ్చే పని. మన పిల్లలకు లోపించినది తెలివి కాదు, భాష కాదు. ఆ సాధన మనం చేయించలేదు.

మనం మెచ్చుకునే మౌనం

ఎందుకు చేయించలేదు? మన ఇళ్ళలో 'అదబు' అనే మాటకు మనం ఇచ్చుకున్న అర్థమే దీనికి ఒక కారణం. పెద్దల ముందు పిల్లలు నోరు మెదపకపోతే అదబు ఉందంటాం. అతిథులు వస్తే ఆడపిల్ల లోపలికి వెళ్ళిపోతే మెచ్చుకుంటాం. పెళ్ళి సంబంధాల దగ్గర "నోట్లో నాలుక లేని పిల్ల" అని గొప్పగా చెప్పుకుంటాం. అటువంటి పిల్లను పదహారేళ్ళు అలా పెంచి, పదిహేడవ ఏట కళాశాలలో సెమినార్ చెప్పమంటే ఎలా చెబుతుంది? ఇరవై రెండవ ఏట ఇంటర్వ్యూలో ఐదుగురు అపరిచితుల ఎదుట ఎలా కూర్చుంటుంది?

అదబు అంటే మౌనం కాదు. ఎవరితో, ఎప్పుడు, ఎంత, ఏ స్వరంలో మాట్లాడాలో తెలియడం అదబు. మూసా అలైహిస్సలాం వారిని గుర్తు చేసుకోండి. ఫిరౌను దర్బారుకు వెళ్ళమని ఆజ్ఞ అయినప్పుడు, తన హృదయాన్ని విశాలం చేయమని, ప్రజలకు తన మాట అర్థమయ్యేలా నాలుక ముడి విప్పమని ఆయన వేడుకున్న సంగతి తాహా సూరాలో ఉంది. తనకంటే స్పష్టంగా మాట్లాడగల సోదరుడు హారూన్‌ను తోడుగా ఇమ్మని కూడా కోరారు. ఒక ప్రవక్తే తన మాటలో ఇబ్బంది ఉందని ఒప్పుకుని, దానికి సహాయం కోరితే, మన పిల్లలు "నాకు మాట్లాడడం రాదు, నేర్పండి" అనడానికి సిగ్గుపడవలసిన పని లేదు. తల్లిదండ్రులు దానిని చిన్నతనంగా భావించవలసిన పని అంతకంటే లేదు.

సాధన చేసినచోట భయం లేదు

మన పిల్లలకు శక్తి ఉందనడానికి రెండు నిదర్శనాలు చెబుతాము. మొదటిది మక్తబు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు పెద్దలందరి ముందు నిలబడి ఖుర్ఆన్ సూరాలను తడబడకుండా పఠిస్తాడు. ఏ అక్షరం గొంతు లోపలి నుండి రావాలో, ఏది నాలుక కొన నుండి రావాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో తజ్వీదు అతనికి నేర్పింది. నలుగురిలో మాట్లాడేవానికి కావలసినవి కూడా ఇవే కదా. స్పష్టమైన ఉచ్చారణ, సరియైన విరామం, చివరి వరుసకు వినిపించే స్వరం. అదే పిల్లవాడు పన్నెండేళ్ళ తరువాత తరగతిలో రెండు వాక్యాలు చెప్పలేక చెమటలు కక్కుతాడు. నాలుక అదే. ఒకదానిని ఉస్తాదు ఎదుట రోజూ సాధన చేశాడు, తప్పు చేసినప్పుడల్లా దిద్దించుకున్నాడు. రెండవదానిని ఒక్కనాడూ చేయలేదు.

రెండవది సంత. మన కుర్రవాళ్ళు సెలవుల్లో పండ్ల బండి దగ్గర, చీరల దుకాణంలో, మెకానిక్ షెడ్డులో పనిచేస్తారు. వచ్చినవారిని పలకరించడం, వారికి ఏమి కావాలో గ్రహించడం, బేరం తెగకుండా మాట కలపడం వారికి ఎవరూ నేర్పనక్కరలేదు. సరుకు గురించి ఐదు నిమిషాలు ఆగకుండా చెప్పగలరు. మరి తాను చదివిన పాఠం గురించి ఎందుకు చెప్పలేడు? సరుకు గురించి తనకు తెలుసునన్న నమ్మకం ఉంది. పాఠం విషయంలో ఆ నమ్మకం లేదు. కనుక మంచి ప్రసంగానికి మొదటి మెట్టు విషయాన్ని అర్థం చేసుకోవడం. అర్థం కానిదానిని ఎంత కంఠస్థం చేసినా గొంతు దాటి రాదు.

ఐదు భాషల నాలుక

ఇక భాష సంగతి. ఉరవకొండ పిల్లవాని నాలుక మీద ఎన్ని భాషలున్నాయో లెక్కించండి. ఇంట్లో దక్కనీ ఉర్దూ. వీధిలో, బడిలో తెలుగు. బళ్ళారి వైపు చుట్టాలతో, వ్యాపారులతో కన్నడం. మక్తబులో అరబ్బీ అక్షరాలు. కళాశాల పుస్తకంలో ఇంగ్లీషు. మనలోని దూదేకుల సోదరుల ఇళ్ళలో తెలుగే తల్లిభాష. ఉర్దూ రానందుకు వారిని మనవాళ్ళే కొందరు చిన్నచూపు చూస్తారు. తెలుగు తడబడినందుకు మిగిలినవారిని తరగతిలో నవ్వుతారు. ఇంగ్లీషు రానందుకు అందరూ కలిసి తలదించుకుంటారు. ఐదు భాషలు తెలిసిన బిడ్డ చివరకు ఏ భాషా రానివానిలా నిలబడతాడు.

ఈ సిగ్గుకు చరిత్రలో ఆధారం లేదు. దక్కనీ హీనమైన యాస కాదు. గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం చెప్పిన భాష అది. తెలుగు మనకు పరాయిది కాదు. ఆ సుల్తాను తండ్రి ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. పిఠాపురానికి చెందిన ఉమర్ అలీషా (1885–1945) తెలుగులో కావ్యాలు, నాటకాలు రచించి, కేంద్ర శాసనసభలో సభ్యులుగా కూడా ఉన్నారు. ఆయన ముస్లిం కావడం ఆయన తెలుగుకు అడ్డు రాలేదు. ఆయన తెలుగు ఆయన విశ్వాసానికీ అడ్డు రాలేదు.

దక్కనీ అలవాటైన నాలుకకు 'నీళ్ళు' అనబోతే 'నీల్లు' రావచ్చు. 'స్కూలు' అనబోతే 'ఇస్కూలు' రావచ్చు. ఒకరు నవ్వారని ఏడాదంతా నోరు కట్టుకోవడం మందు కాదు. రోజుకు పది నిమిషాలు తెలుగు దినపత్రికను పైకి చదవడమే మందు. ఏదో ఒక వార్త తీసుకోండి. నిలబడి, గోడకు అటువైపు ఉన్నవారికి వినిపించేలా చదవండి. తడబడిన మాటల కింద గీత గీసి, ఆ మాటలను మళ్ళీ ఐదేసి సార్లు పలకండి. మూడు నెలలు చేయండి. ఇంగ్లీషుకూ ఇదే పద్ధతి. యాస తప్పు కాదు, ప్రతి ఊరికీ ఒక యాస ఉంటుంది. అస్పష్టత మాత్రమే తప్పు.

ఇంగ్లీషు రాకపోతే అన్ని తలుపులూ మూసుకుపోతాయనుకోవడం కూడా సరి కాదు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణ అనే ప్రభుత్వ ఉపాధ్యాయుడు సివిల్ సర్వీసు పరీక్షను తెలుగులో రాసి, ఇంటర్వ్యూలో సైతం తెలుగులోనే మాట్లాడి, 2016 పరీక్షలో దేశం మొత్తంమీద మూడవ ర్యాంకు పొందారు. ఆ పరీక్షలో మొత్తం 2025 మార్కులలో ఇంటర్వ్యూకు 275 మార్కులు. ఇంగ్లీషు నేర్చుకోండి, తప్పక నేర్చుకోండి. కానీ అది వచ్చేవరకు నోరు విప్పనని ఒట్టు పెట్టుకోకండి. ముందు మీకు బాగా వచ్చిన ఒక భాషలో ఐదు నిమిషాలు వరుసగా, కలగాపులగం లేకుండా మాట్లాడడం నేర్చుకోండి. ఆలోచనను వరుసగా పేర్చడం ఒక భాషలో అలవడితే రెండవ భాషలోకి తీసుకుపోవచ్చు.

ముందు వినడం

మాటతీరులో సగం వినడమే. బల్ల వెనుక కూర్చున్న మాకు ఇది బాగా తెలుసు. చాలామంది మా జవాబు పూర్తి కాకముందే తమ కష్టం మళ్ళీ మొదటి నుండి చెప్పేవారు. ఎదుటివారు చెప్పినది పూర్తిగా విని, "మీరు చెప్పినది ఇదే కదా" అని మన మాటల్లో తిరిగి చెప్పడం ఒక మంచి అలవాటు. పొరపాటు ఉంటే అక్కడికక్కడే బయటపడుతుంది. మనల్ని శ్రద్ధగా విన్నారన్న గౌరవం కూడా ఎదుటివారికి కలుగుతుంది. ఉపాధ్యాయునితో మాట్లాడినా, వసతిగృహంలో తోటి విద్యార్థితో మాట్లాడినా ఇది పనికివస్తుంది. ప్రవక్త (స) మాట్లాడితే వినేవారు పదాలు లెక్కపెట్టగలిగేటంత నిదానంగా ఉండేదని, ముఖ్యమైన మాటను మూడుసార్లు చెప్పేవారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. తొందర తొందరగా మాట్లాడడమే గొప్ప ప్రసంగమనుకునే పిల్లలు దీనిని గమనించాలి.

మన పిల్లలకు మరొక పరీక్ష కూడా ఎదురవుతుంది. తరగతిలోనో, వసతిగృహంలోనో ఎవరో మన మతం గురించి, దుస్తుల గురించి, ఆహారం గురించి ఎత్తిపొడుపుగా ఒక ప్రశ్న వేస్తారు. మన పిల్లలు అయితే మౌనంగా మింగుతారు, లేదా గొడవపడతారు. ఈ రెండింటి వల్లా అడిగినవారి అపోహ అలాగే మిగిలిపోతుంది. మూడవ దారి ఉంది. స్వరం పెంచకుండా, "మీరు తెలుసుకోవాలని అడిగితే చెబుతాను" అని ఒక్క విషయం స్పష్టంగా చెప్పండి. తెలియకపోతే "పెద్దలను అడిగి రేపు చెబుతాను" అనండి, మరునాడు తప్పక చెప్పండి. పొరుగువారితో మాటలు తెగని జిల్లా మనది. నార్పల మండలం గూగూడులో కుళ్ళాయప్ప స్వామి మొహర్రం ఉత్సవానికి హిందువులు, ముస్లిములు కలిసే వస్తారు. వాదనలో గెలవడానికి కాక, మాట తెగకుండా ఉండడానికి మాట్లాడే పద్ధతిని మన తాతలు ఎరుగుదురు. మనం దానిని పోగొట్టుకోకూడదు.

నలుగురి ముందు నిలబడినప్పుడు

ఇప్పుడు ప్రసంగం సంగతి. గత సంవత్సరం మా ఇంటికి ఒక డిగ్రీ విద్యార్థి వచ్చి, భూగర్భజలాలపై తాను చెప్పవలసిన సెమినార్ చూపించాడు. కంప్యూటర్ మీద ఇరవై రెండు స్లయిడ్లు. అన్నీ ఎక్కడి నుండో తెచ్చి అతికించినవే. తెర వైపు తిరిగి, మాకు వీపు చూపించి చదువుకుంటూ పోయాడు. మూడవ స్లయిడుకే మాకు ఆవలింత వచ్చింది. "నాయనా, ఇవన్నీ పక్కన పెట్టు. నీళ్ళ గురించి నీకు స్వయంగా తెలిసినది ఒక్కటి చెప్పు" అన్నాము. కాసేపు ఆలోచించి ఇలా అన్నాడు: "మా తాత తవ్విన బావికి ముప్పై అడుగుల్లో నీళ్ళు పడ్డాయి. మా అబ్బా వేసిన బోరులో ఆరు వందల అడుగులకూ దుమ్మే వచ్చింది."

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ జిల్లాలో, ఆ మాట విన్నవారెవరైనా తల ఎత్తి వినకుండా ఉంటారా? "ఇదే నీ మొదటి వాక్యం" అని చెప్పాము. ఇరవై రెండు స్లయిడ్లు ఐదయ్యాయి. నీరు ఎందుకు అడుగంటింది, దానివల్ల ఏమైంది, ఏమి చేయవచ్చు అన్న మూడు భాగాలుగా ప్రసంగాన్ని పేర్చుకున్నాడు. తాను చూసినదానితో మొదలుపెట్టినందువల్ల పుస్తకంలోని అంకెలు కూడా అతని నోట బలంగా వినిపించాయి.

దీని నుండి కొన్ని సూత్రాలు చెబుతాము, రాసుకోండి. ఒక ప్రసంగానికి ఒకే ముఖ్య విషయం ఉండాలి. దానిని ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ప్రసంగం ఇంకా సిద్ధం కాలేదని అర్థం. ఆ విషయానికి రెండో మూడో ఆధారాలు చాలు. మొదటి వాక్యాన్ని, చివరి వాక్యాన్ని కంఠస్థం చేయండి. మధ్య భాగాన్ని కంఠస్థం చేయకండి, అంశాలను మాత్రం చిన్న కార్డు మీద రాసుకోండి. కంఠస్థం చేసినవాడు ఒక్క మాట మరిస్తే మొత్తం మరుస్తాడు. అంశాలు తెలిసినవాడు మరో మాటతో ముందుకు పోతాడు.

నిలబడగానే మాట్లాడకండి. ఒకసారి నిండుగా ఊపిరి తీసుకోండి. చివరి వరుసలోని ఒక ముఖాన్ని చూసి, ఆ వ్యక్తికి వినిపించేలా మొదలుపెట్టండి. ముఖ్యమైన మాట చెప్పిన తరువాత ఒక క్షణం ఆగండి. మరచిపోతే భయపడకుండా "ఒక్క క్షణం" అని కార్డు చూసుకోండి, ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. కేటాయించిన సమయం దాటకండి. ఇతరుల సమయాన్ని గౌరవించడం కూడా అదబే. చివర ప్రశ్న అడిగితే, దానిని అందరికీ వినిపించేలా తిరిగి చెప్పి, ఆ తరువాత జవాబివ్వండి. తెలియనిదానికి "నాకు తెలియదు, తెలుసుకుని చెబుతాను" అనండి. మేము చూసినంతలో, తెలియదని ఒప్పుకున్న అభ్యర్థిని ఎవరూ తక్కువ చేయలేదు. తెలిసినట్లు నటించినవాడే దొరికిపోయాడు.

వేళ్ళు వణకడం, గొంతు ఎండిపోవడం అందరికీ ఉన్నవే. ఇప్పుడు, ఈ వయసులో, మీ ముందు నిలబడిన మాకు కూడా ఉన్నాయి. భయం పోయాక మాట్లాడదామంటే ఎప్పటికీ మాట్లాడలేరు. మాట్లాడగా మాట్లాడగా భయం దానంతట అదే తగ్గుతుంది.

అడిగితేనే హక్కు

ఈ మాటలన్నీ మార్కుల కోసం, ఉద్యోగం కోసం మాత్రమే చెప్పడం లేదు. ఇది హక్కుల విషయం. సచార్ కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదికలో మన వెనుకబాటుతనాన్ని దేశం ముందు ఉంచింది. 2007 నాటి చట్టంతో మన రాష్ట్రంలో ముస్లిములలోని వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. 2022లో ఉర్దూ మన రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయింది. ఎందరో పెద్దలు పోరాడి తెచ్చినవి ఇవి. కానీ రిజర్వేషన్ తలుపు వరకు తీసుకుపోతుంది. తలుపు లోపల కూర్చుని మాట్లాడవలసినది మన బిడ్డే. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మరి కార్యాలయం పెడుతుందా?

కనుక ప్రతి విద్యార్థి నాలుగు మాటల పద్ధతి నేర్చుకోవాలి. నేను ఎవరిని, ఏ పని మీద వచ్చాను, ఏ పత్రాలు తెచ్చాను, ఇంకా ఏమి కావాలి, ఏ తేదీలోగా కావాలి. చివరిదానికి జవాబు రాసుకోకుండా బల్ల దగ్గర నుండి కదలకూడదు. నోటిమాటతో పని కాకపోతే అర్జీ రాయండి. పైన తేదీ, విషయం, కింద జతపరచిన పత్రాల జాబితా ఉండాలి. రెండు ప్రతులు తీసుకువెళ్ళి, ఒకదానిమీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోండి. నోటిమాటను మేము మరచిపోయినట్లు నటించగలం. ముద్ర వేసిన కాగితాన్ని ఏ గుమాస్తా మరచిపోలేడు. అది మా వృత్తి రహస్యం, ఈ రోజు మీకు చెప్పివేశాము.

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. సాధారణంగా ముప్పై రోజులలో జవాబివ్వాలని ఆ చట్టం చెబుతుంది. రాయలేని వ్యక్తి నోటితో అడిగితే, ఆ అడిగినదానిని కాగితం మీద పెట్టడానికి అధికారి సహాయం చేయాలని కూడా అదే చట్టంలో ఉంది. అంటే రాయలేనివారి మాటకు సైతం చట్టం విలువ ఇచ్చింది. చదువుకున్న మనం మన మాటకు విలువ ఇచ్చుకోకపోతే ఎలా?

ఇంట్లో చేయవలసినది

తల్లిదండ్రులకు రెండు మనవులు. మొదటిది, బిడ్డను అడిగిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పకండి. ఆసుపత్రిలో గాని, బస్సులో గాని, కళాశాలలో గాని, ఎవరైనా "పేరేమమ్మా?" అంటే, అమ్మాయి తడబడినా, ఆలస్యమైనా, ఆమెనే చెప్పనివ్వండి. పక్కన నిలబడండి, అది మీ బాధ్యత. ఆమె బదులు మాట్లాడకండి. మూసా (అలైహిస్సలాం) హారూన్‌ను తోడు కోరారే గాని, తనకు బదులు పంపి తాను ఇంట్లో కూర్చోలేదు.

రెండవది, రాత్రి భోజనాల తరువాత ఫోన్లు పక్కన పెట్టి, ప్రతి బిడ్డకు ఐదు నిమిషాలు ఇవ్వండి. ఆ రోజు నేర్చుకున్న ఒక విషయాన్ని నిలబడి చెప్పమనండి. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు. చదువు రాని తల్లికి అర్థమయ్యేలా చెప్పగలిగిన బిడ్డ ఏ సభలోనైనా చెప్పగలడు. మధ్యలో ఆపకండి, నవ్వకండి. చివర ఒక మెచ్చుకోలు, ఒక సవరణ చెప్పండి. కొడుక్కి ఐదు నిమిషాలు ఇస్తే కూతురికీ ఐదు నిమిషాలే ఇవ్వండి. ఒక్క నిమిషం కూడా తగ్గించకండి.

విద్యార్థులకు ఒక మనవి. ఒంటరిగా సాధన కష్టం. ఇద్దరిద్దరు జతగా ఏర్పడండి. ఒకరు మాట్లాడితే మరొకరు ఫోనులో రికార్డు చేయండి. మీ గొంతు మీరే వినడం మొదటిసారి చాలా ఇబ్బందిగా ఉంటుంది. కానీ 'అంటే', 'మరి', 'అదే' అని ఎన్నిసార్లు అన్నారో, ఎక్కడ గొంతు తగ్గిందో ఏ ఉపాధ్యాయుడూ అంత స్పష్టంగా చూపించలేడు.

చివరి మాట. వచ్చే ఆదివారం నుండి ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు ఇదే గదిలో ఒక బల్ల వేస్తాము. దాని వెనుక మేము మళ్ళీ గుమాస్తాగా కూర్చుంటాము. పదవీ విరమణ చేసిన మరి కొందరు మిత్రులు ఇంటర్వ్యూ అధికారులుగా కూర్చుంటారు. మీరు ఒక్కొక్కరు వచ్చి మీ నాలుగు మాటలు చెప్పండి. ఐదు నిమిషాల ప్రసంగం చేయండి. తడబడితే మళ్ళీ చెప్పండి. ఆడపిల్లలకు ముందుగా అవకాశం ఇస్తాము. తల్లిదండ్రులు వెనుక వరుసలో కూర్చోవచ్చు, మాట్లాడడానికి మాత్రం వీలు లేదు.

ఆ బల్ల దగ్గర మేము ఆనాటి లాగే విసుగ్గా ముఖం పెట్టి, "పేర్లు కలవడం లేదు, సరిచేసుకుని రండి" అంటాము. మీరు కదలకండి. తల ఎత్తి, నిదానంగా, మర్యాదగా అడగండి: "ఎక్కడ సరిచేసుకోవాలి సార్? ఏ పత్రం కావాలి? ఎన్నవ తేదీలోగా?" ఆ అమ్మాయి ఆనాడు అడగలేకపోయిన ఆ మూడు ప్రశ్నలు మీ నోట వినాలని మాకు ఎంతో కోరికగా ఉంది.

అల్లాహ్ మన బిడ్డల నాలుక ముడులు విప్పి, వారి మాటను సత్యం వైపు, మేలు వైపు నడిపించుగాక. ఆమీన్.